తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్‌లు

1950 నుంచి 1963 దాకా పద్నాలుగేళ్లు దేశంలో ఫుట్‌బాల్‌ను ఏలిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. దాన్ని నిలబెట్టింది కానిస్టేబుల్ ఉద్యోగం, తీర్చిదిద్దింది ఒక బడి మాస్టారు. ఆ కథతో నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె తీరానికి పని ఉంది.

డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైంది. బ్రిటిష్ పటాలాల సిపాయిల కోసం పెట్టిన పోటీ అది. 1940 తర్వాత యుద్ధం వచ్చి ఆగిపోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఢిల్లీలో మళ్లీ జరిపారు. స్వతంత్ర భారతంలో జరిగిన ఆ మొదటి డ్యూరాండ్ ఫైనల్లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తీసుకెళ్లింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా వాళ్లదే.

ఒక్క ఏడాది మెరిసి మాయమైతే ఇంత చెప్పుకోనక్కర్లేదు. 1951లో రోవర్స్ మళ్లీ వాళ్లే గెలిచారు. 1952లో వాళ్లే, 1953లో వాళ్లే, 1954లోనూ వాళ్లే. స్వాతంత్ర్యం తర్వాత ఆ కప్పును వరసగా ఐదేళ్లు గెలిచిన జట్టు మరొకటి లేదు. కలకత్తా మహాజట్లు మూడూ ప్రయత్నించాయి, ఏదీ అంతదూరం రాలేదు. 1957లో ఆరోసారి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది, ఆట మారలేదు. 1960లో గెలిచారు, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నారు, 1963లో మళ్లీ ఒంటరిగా గెలిచారు. మొత్తం తొమ్మిది. డ్యూరాండ్‌లు నాలుగు: 1950, 1954, 1957, 1961. లెక్క జాగ్రత్తగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 1950, 1954, 1957 మూడేళ్లలోనూ రోవర్స్, డ్యూరాండ్ రెండూ ఒకే సీజన్లో వాళ్ల చేతికొచ్చాయి.

ఆ రోజుల్లో దేశమంతటికీ ఒక లీగ్ లేదు. కలకత్తాకు దాని లీగ్, బొంబాయికి దాని లీగ్, హైదరాబాద్‌కు దాని లీగ్. ఏ ఊరి జట్టు గొప్పదో తేలాలంటే డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ లాంటి పోటీలకు వెళ్లి తేల్చుకోవాల్సిందే. రోవర్స్ 1891 నాటిది. బొంబాయి కూపరేజ్ మైదానంలో జరిగేది. మొదలైన దగ్గర్నుంచి 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచేదాకా ఒక్క భారతీయ జట్టు కూడా ఆ కప్పును ముట్టుకోలేదు. ఇప్పటి జాతీయ లీగ్ టైటిల్‌కు ఎంత విలువ ఉందో, అప్పట్లో రోవర్స్‌కూ డ్యూరాండ్‌కూ అంత విలువ ఉండేది. ఆ రెండూ కలిపి పద్నాలుగేళ్లలో పదమూడు కప్పులు. ఓడిన ఫైనల్స్ కూడా చెప్పుకోవాలి: 1952, 1956 డ్యూరాండ్ ఫైనల్స్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు. 1963లో మోహన్ బగాన్ చేతిలో. అంటే ఆ పద్నాలుగేళ్లలో ఏడు డ్యూరాండ్ ఫైనల్స్‌లో పోలీసు జట్టు ఒక పక్కన నిలబడింది.

లాఠీ, జీతం, బంతి

ఈ జట్టు 1939లో పుట్టింది. మొదట్లో సిటీ ఆఫ్ఘన్స్ అనేవారు, తర్వాత సిటీ పోలీస్ అయింది. నిజాం కాలపు హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ గల్లీల ఆట. బూట్లు లేని కాళ్లు, గుండ్రంగా ఉన్నదేదైనా బంతి. పాతబస్తీలో, చాదర్‌ఘాట్‌లో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్క బస్తీల్లో పిల్లలు చీకటి పడేదాకా ఆడేవాళ్లు. కానీ పద్దెనిమిదేళ్లు వచ్చాక ఆ పిల్లాడు ఏం తిని ఆడాలి? ఆ ప్రశ్నకు పోలీసు శాఖ జవాబు చెప్పింది. ఆట బాగా వచ్చినవాణ్ణి తీసుకుని ఉద్యోగం ఇచ్చింది. చిన్న ఉద్యోగమే, చిన్న జీతమే. అయినా నెల తిరిగేసరికి ఇంట్లో పొయ్యి వెలిగేది. టోర్నమెంటుకు వెళ్తే సెలవు దొరికేది, కాలు విరిగితే ఉద్యోగం పోయేది కాదు.

కాగితం మీద చూస్తే వీళ్లు అమెచ్యూర్లు. అప్పటి భారత ఫుట్‌బాల్ అంతా అమెచ్యూరే. నా దృష్టిలో మాత్రం తెలుగు నేల మీద మొట్టమొదటి ప్రొఫెషనల్ జట్టు ఇదే. పొద్దున్నే లేచి ఆట నేర్చుకోవడం వాళ్ల పని. ఆ పనికి జీతం వచ్చేది. ప్రొఫెషనల్ అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ జరిగింది. రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును పోలీసు జట్టు ఓడించింది. ఆ ఎయిర్ ఫోర్స్ జట్టులో డెనిస్ కాంప్టన్ ఉన్నాడని చెబుతారు. ఇంగ్లండ్‌కు క్రికెట్ ఆడినవాడు, లండన్ ఆర్సెనల్‌కు ఫుట్‌బాల్ ఆడినవాడు. హైదరాబాద్ పేరు దక్షిణాదిలో ఆ గెలుపుతోనే మోగింది.

1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, హైదరాబాద్ భారత యూనియన్లో కలిసింది. ఆ రోజుల్లో, ఆ తర్వాతి నెలల్లో ఏం జరిగిందో తెలిసిన కుటుంబాలు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతాయి. రెండేళ్లు తిరిగేసరికి, ఎక్కువమంది హైదరాబాదీ ముస్లిం కుర్రాళ్లతో నిండిన ఒక పోలీసు జట్టు ఢిల్లీ వెళ్లి స్వతంత్ర భారతపు మొదటి డ్యూరాండ్ గెలుచుకొచ్చింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1951లో, ఢిల్లీలోనే జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఆ జట్టు ఆటగాళ్లు భారత జెర్సీ వేసుకుని బంగారు పతకం గెలిచారు. కొత్త దేశం తన కొత్త పౌరులకు ఒక్కటై నిలవడం నేర్పిన సంఘటనల్లో వీటిని కూడా చేర్చాలి. చరిత్ర పుస్తకాలు చేర్చలేదు.

రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, కాలేజీ రోజుల్లో బాగా ఆడేవారు. చదువయ్యాక బడి పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్. మధ్యలో వ్యాయామ విద్యలో శిక్షణ తీసుకుని బడుల్లో ఆటల బాధ్యత చూశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ కోచ్ అయ్యారు, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. జట్టు బంగారు కాలం ఆయన వచ్చిన ఏడాదే మొదలైంది. అది కాకతాళీయం కాదు.

పంతులు కనుక ఆయన ఆటను పాఠంలాగే చెప్పారు. అక్షరాలు, గుణింతాలు, పదాలు, వాక్యాలు. అన్నీ ఒక వరసలో. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో టోర్నమెంట్లు నడిపారు. బంతి కాలికి తగలగానే తోటివాడికి ఇచ్చేయాలి. అలా ఆడించి ఆడించి, కళ్లెత్తి మైదానమంతా చూడటం పిల్లలకు అలవాటు చేశారు. బలహీనమైన కాలితోనే తన్నాలనే పోటీలు పెట్టారు. కుడికాలివాడు ఎడమకాలితో ఆడాలి. నాలుగు నెలలు అలా ఆడిన కుర్రాడికి రెండు కాళ్లూ ఒకటే అవుతాయి. అప్పుడు ఎదుటి డిఫెండర్ ఎటు కాపు కాయాలో తెలియక తికమకపడతాడు.

అప్పటి మన ఫుట్‌బాల్‌లో జనం మెచ్చేది ఒంటరి విన్యాసం. ఒకడు బంతి పట్టుకుని నలుగుర్ని తప్పించుకుంటూ వెళ్తే ఈలలు, చప్పట్లు. రహీం ఆ ఈలలకు లొంగలేదు. మన తీరంలో అలివి వల లాగేటప్పుడు రెండు వైపులా వరసగా నిలబడ్డవాళ్లు ఒకే ఊపులో లాగకపోతే చేప జారిపోతుంది. ఆయన జట్టు ఆడిన ఆట అలాంటిది. ఎవరు ఎంత బలవంతుడన్నది కాదు, ఎప్పుడు లాగాలో అందరికీ తెలిసి ఉండటం ముఖ్యం. భారత జట్టును తయారుచేస్తున్నప్పుడు నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 అమరికను మన వాళ్లకు అలవాటు చేసింది కూడా ఆయనే. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ అదే అమరికతో గెలిచాక లోకమంతా దాని వెంట పడింది.

ఆయన కన్ను ఎలాంటిదో చెప్పడానికి తులసీదాస్ బలరామ్ చాలు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిన తమిళ కుటుంబపు పిల్లాడు. ఇంట్లో పేదరికం. రహీం పిలిచి శిక్షణకు రమ్మంటే, అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి డబ్బుల్లేవు. రహీం ఆ కుర్రాడికి సైకిల్ అద్దె కోసం రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ సంగతి బలరామ్ ముసలితనంలో కూడా ఇంటర్వ్యూల్లో చెప్పుకునేవారు. ఆ రూపాయి సైకిలెక్కి వచ్చిన కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. కోచ్ అన్న మాటకు నా మనసులో ఉన్న అర్థం ఇదే: ఆట చెప్పేవాడు, అంతకుముందు ఆటకు రావడానికి దారి ఖర్చు చూసేవాడు.

అదే 1950లో బోస్టన్

ఇక్కడ కాస్త దూరం వెళ్లాలి. రహీం సిటీ పోలీస్ చేపట్టిన 1950లోనే అమెరికాలో రెడ్ ఆవర్‌బాక్ అనే కోచ్ బోస్టన్ సెల్టిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టును చేపట్టాడు. సెల్టిక్స్ 1946లో పుట్టిన జట్టు, అప్పటికి గెలిచిందేమీ లేదు. 1957లో మొదటి టైటిల్. 1959 నుంచి 1966 దాకా వరసగా ఎనిమిది. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ చరిత్రలో అలాంటి వరస ఇంకోటి లేదు. ఆవర్‌బాక్ కోచ్‌గా గెలిచినవి మొత్తం తొమ్మిది. 2024లో గెలిచినదాంతో కలిపి సెల్టిక్స్ టైటిల్స్ పద్దెనిమిది, ఆ లీగ్‌లో ఎవరికీ అన్ని లేవు.

ఆట వేరు, దేశం వేరు, డబ్బు వేరు. కానీ రెండు జట్ల కిటుకు ఒకటే. ఆవర్‌బాక్ కూడా ఒంటరి వీరుణ్ణి నమ్మలేదు. బంతి చేతులు మారుతూ ఉండాలి, డిఫెన్స్ అందరి పని అన్నాడు. 1950లోనే సెల్టిక్స్ చక్ కూపర్‌ను తీసుకుంది. ఆ లీగ్ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు అతను. తర్వాత వచ్చిన బిల్ రసెల్ పదమూడు సీజన్లలో పదకొండు టైటిల్స్ గెలిచాడు. 1966లో ఆవర్‌బాక్ కోచ్ పదవి దిగి రసెల్‌నే కోచ్‌ను చేశాడు. రసెల్ ఆ లీగ్‌లో మొదటి నల్లజాతి కోచ్ అయి, ఆడుతూనే కోచింగ్ చేస్తూ 1968, 1969లో రెండు టైటిల్స్ తెచ్చాడు. హైదరాబాద్‌లో లాగే అక్కడా గెలిచిన జట్టు ఒక పట్నాన్ని, దాని భయాలను, దాని గీతలను కొంచెం మార్చింది.

తేడా ఎక్కడంటే జ్ఞాపకంలో. బోస్టన్ స్టేడియం పైకప్పుకు ప్రతి టైటిల్‌కూ ఒక జెండా వేలాడుతుంది. గొప్ప ఆటగాళ్ల జెర్సీ నంబర్లు ఇరవైకి పైగా శాశ్వతంగా విరమింపజేశారు. 2022లో రసెల్ చనిపోతే ఆయన 6 నంబర్‌ను లీగ్ మొత్తం పక్కన పెట్టింది, ఇక ఏ జట్టులోనూ కొత్తవాడెవడూ ఆ నంబర్ వేసుకోడు. లీగ్‌లో ఉత్తమ కోచ్ ట్రోఫీ ఆవర్‌బాక్ పేరు మీద ఉంది, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు రసెల్ పేరు మీద ఉంది. పదేళ్ల బోస్టన్ పిల్లాడు తలెత్తి చూస్తే చాలు, చరిత్ర కంట్లో పడుతుంది. మన పదేళ్ల పిల్లాడు ఎక్కడ తలెత్తాలి?

మెల్‌బోర్న్, జకార్తా

ఈ జట్టు గొప్పతనాన్ని కప్పులతోనే కొలవకూడదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఎక్కువగా ఉత్తకాళ్లతో ఆడి యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడింది. కోచ్ రహీమే. ఆ దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆట తీరు మార్చుకున్నారు. నాలుగేళ్లకే, 1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకంటే పైకి ఎన్నడూ వెళ్లలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఇలా హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లే ఒక పెద్ద గుంపు. ఒక్క పట్నం నుంచి ఒక ఒలింపిక్ జట్టుకు అంతమంది!

అదే ఏడాది, ఆ మరుసటి ఏడాది సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే, రెండుసార్లూ బొంబాయిని ఓడించి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్ మీద గెలిచి ఇంకోసారి తెచ్చుకుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలకు రహీం జబ్బుతో వెళ్లారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం. ఒక్కొక్కళ్లనూ దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చేసరికి ఎదురుగా మళ్లీ అదే కొరియా. భారత అధికారి ఒకరు చేసిన వ్యాఖ్యల వల్ల ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు, స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుపులు. ఫైనల్ ముందు రాత్రి రహీం ఆటగాళ్లను ఒక్క కానుక అడిగారని, అది బంగారు పతకమేనని వాళ్లు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. సెప్టెంబరు 4న పీకే బెనర్జీ ఒక గోల్, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1. ఆ జట్టులో తంగరాజ్, బలరామ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు అదే చివరి బంగారు పతకం. అరవై ఏళ్లు దాటింది.

రహీం 1963 జూన్ 11న చనిపోయారు, యాభై మూడేళ్లకు. ఆ ఏడాది రోవర్స్ కప్పు ఆంధ్రప్రదేశ్ పోలీస్ గెలిచింది. తొమ్మిదోది. ఆ తర్వాత మరొకటి రాలేదు.

దక్కినవి, దక్కనివి

గౌరవాల జాబితాలో అర్జున అవార్డులు ముందు చెప్పాలి. బలరామ్‌కు 1962లో, పోలీసు జట్టు యూసుఫ్ ఖాన్‌కు 1966లో, తంగరాజ్‌కు 1967లో, పోలీసు జట్టులో మొదలై కలకత్తా వెళ్లిన సయ్యద్ నయీముద్దీన్‌కు 1970లో. నయీముద్దీన్ అదే ఏడాది బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. 1990లో కోచ్‌గా ద్రోణాచార్య కూడా అందుకున్నారు. మహమ్మద్ హబీబ్‌కు 1980లో అర్జున. కలకత్తా జనం 'బడే మియా' అని పిలుచుకున్న ఈ హైదరాబాదీ, 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు, ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొందారు. మరో హైదరాబాదీ ఆటగాడు షబ్బీర్ అలీకి 2011లోనే అది వచ్చింది.

రహీంకు? కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య 1985లో మొదలైంది, అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్లు. పద్మ పురస్కారమేదీ రాలేదు. ఐ-లీగ్‌లో ఉత్తమ కోచ్ అవార్డుకు ఆయన పేరు పెట్టారు, అది మంచి పని. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ రహీంగా నటించాడు. మన హైదరాబాద్ మాస్టారి కథ మనకు బొంబాయి నుంచి తెలియడం నన్ను బాధపెట్టింది. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న పోయారు. ఆయన తరంలో ఆయనతో సమానంగా ఆడిన పీకే బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు రాలేదు. ఆ లోటు ఆయన చివరిదాకా మనసులో పెట్టుకున్నారు, పెట్టుకోవడంలో న్యాయం ఉంది.

జట్టు ఎందుకు వాడిపోయిందో క్లుప్తంగా చెప్పొచ్చు. మాస్టారు పోయారు, ఆయన స్థానంలో ఆయనంతటివాడు రాలేదు. మెరికల్లాంటి కుర్రాళ్లను కలకత్తా క్లబ్బులు ముందుగానే తీసుకుపోయాయి. బ్యాంకులు, రైల్వేలు, సైన్యం కూడా ఉద్యోగాలిచ్చి జట్లు కట్టాయి. 1961 రోవర్స్ సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్ గెలిచింది, 1964ది బెంగాల్ నాగపూర్ రైల్వే. తర్వాత ఊరి మైదానాలు తగ్గిపోయాయి, 1983 ప్రపంచకప్ తర్వాత క్రికెట్ అన్నిటినీ కమ్మేసింది. రోవర్స్ కప్పు కూడా 2000-01తో ఆగిపోయింది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో కొత్త జట్టు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్ 1-1తో ముగిశాక పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఎన్నో దశాబ్దాల తర్వాత హైదరాబాద్‌కు దేశంలో అతి పెద్ద కప్పు దక్కింది. యజమానులు మారి ఆ క్లబ్ ఇప్పుడు ఢిల్లీకి తరలిపోయింది. జట్టును కొనొచ్చు, అమ్మొచ్చు, ఇంకో ఊరికి తీసుకుపోవచ్చు. పోలీసు జట్టును అలా ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు, ఎందుకంటే అది ఆ ఊరి పిల్లలతో, ఆ ఊరి జీతంతో నిలబడింది.

జువ్వలదిన్నె నుంచి

బోగోలు మండలంలో సముద్రం అంచున ఉన్న జువ్వలదిన్నె పేరు ఇప్పుడు రాష్ట్రమంతా తెలుసు, ఫిషింగ్ హార్బర్ వల్ల. నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడలతో పాటు మొదటి విడతలో తీసుకున్న నాలుగు హార్బర్లలో ఇది ఒకటి. ఆటల విషయంలో మాత్రం ఈ తీరం పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడానికి కారణం ఇక్కడి పిల్లల్లో లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులు పడవలు ఒడ్డున ఉంటాయి, పెద్దలు వలలు బాగుచేసుకుంటారు, కుర్రాళ్లు ఆటకు దిగుతారు. తీరంలో ఏ పాలెం చూసినా వాలీబాల్ నెట్టు, కబడ్డీ గీతలు కనిపిస్తాయి. పొద్దున్నుంచి ఇసుకలో నడిచి, పడవ తోసి, వల లాగి పెరిగిన కాళ్లూ భుజాలూ అవి. నెట్టు దగ్గర వాళ్లు ఎగిరే ఎత్తు చూస్తే వాలీబాల్ తెలిసినవాడు ఆగి చూస్తాడు. జూన్ 15న నిషేధం ఎత్తేస్తారు, ఆటలూ ఆగిపోతాయి. పదిహేడేళ్లవాడు తండ్రితో కలిసి పడవెక్కాలి. వేటకు వెళ్లిన రోజే వాటా. టోర్నమెంటుకు వెళ్తే ఆ రోజు వాటా లేదు. నెల్లూరులో సెలెక్షన్స్ అంటే బస్సు చార్జీలు, రెండు పూటల తిండి, బూట్లు. ఇవన్నీ చూసి ఇంట్లో వద్దంటారు. వాళ్లను తప్పుపట్టలేం. అమ్ముగూడ బలరామ్ ఇంట్లోనూ అదే పరిస్థితి. తేడా ఒక్కటే, అక్కడ ఒక మాస్టారు రూపాయి తీసి చేతిలో పెట్టారు, వెనక ఉద్యోగమిచ్చే ఒక శాఖ ఉంది.

ఇక్కడ అవేమీ లేవా అంటే ఉన్నాయి. బోగోలు మండలంలోనే బిట్రగుంట ఉంది. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డుతో వెలిగిన రైల్వే ఊరు. రైల్వేలు ఈ దేశంలో ఆటగాళ్లకు అన్నం పెట్టిన సంస్థల్లో ముందున్నవి. తీర భద్రత కోసం మెరైన్ పోలీసు స్టేషన్లు ఉన్నాయి. వాటికి సముద్రం తెలిసినవాళ్లు కావాలి, ఈదగలవాళ్లు కావాలి, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు కావాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా ఉంది. బడుల్లో పీఈటీ పోస్టులు ఉన్నాయి. అన్నీ విడివిడిగా ఉన్నాయి, కలిపేవాళ్లు లేరు. హైదరాబాద్‌లో 1950లో వాటిని కలిపింది ఒక్క మనిషి, ఆ మనిషిని నమ్మిన ఒక్క శాఖ.

కనుక అడగాల్సినవాళ్లను సూటిగా అడుగుతున్నాను. పోలీసు శాఖ నెల్లూరు తీరం కోసం ఒక వాలీబాల్ జట్టు కట్టాలి. ప్రతి ఏటా వేట నిషేధ కాలంలో పాలెం పాలెం తిరిగి కుర్రాళ్లను ఎంచాలి, ఎంచినవాళ్లకు ఉద్యోగం ఇవ్వాలి, ఉద్యోగం ఇచ్చాక ఆడనివ్వాలి. అమ్మాయిలకూ జట్టు ఉండాలి. వాళ్లు చదువు మానేసే వయసులోనే ఈ పిలుపు అందాలి. హార్బర్ చుట్టుపక్కల కట్టే కట్టడాల్లో ఒక మైదానానికి చోటు వదలాలి, రాత్రి దీపాలతో సహా. ఆ మైదానం చూసుకునే పీఈటీకి వేరే డ్యూటీలు వేయకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలూ 1950 నుంచి 1963 దాకా గెలిచిన ఆ పదమూడు కప్పులనూ, ఆడినవాళ్ల పేర్లనూ, ఫొటోలనూ సేకరించి శిక్షణ కేంద్రాల్లో పెట్టాలి. కొత్తగా చేరిన ప్రతి కానిస్టేబుల్ అవి చదవాలి.

కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు వైపు బడుల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయులకు ఒక మాట. మీ తరగతిలో బాగా ఎగిరే పిల్లో, బాగా పరుగెత్తే పిల్లాడో ఉంటే ఈ ఏడాది జిల్లా సెలెక్షన్స్‌కు పంపండి. ఇంట్లో వద్దంటే ఒకసారి వెళ్లి మాట్లాడండి. బస్సు చార్జీ దగ్గర ఆగిపోతే, ఊళ్లో నలుగురం కలిసి ఆ చార్జీ ఇద్దాం.